లక్ష గొంతులు, ఒకే పేరు

లా పాజ్. 1993 జూలై 25. హెర్నాండో సైలెస్ స్టేడియం సముద్రమట్టానికి మూడున్నర వేల మీటర్లకు పైన ఉంటుంది. అక్కడ గాలి పల్చన. పది అడుగులు పరిగెడితే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. స్కోరు 0-0. గోల్‌కీపర్ తఫారెల్ కాసేపటి క్రితమే ఒక పెనాల్టీ ఆపాడు. మరో రెండు నిమిషాలు ఎలాగో నెట్టుకొస్తే బ్రెజిల్ గండం గట్టెక్కుతుంది.

88వ నిమిషం. బొలీవియా ఆటగాడు ఎచెవెరీ పక్క నుంచి దూసుకొచ్చాడు. కోణమే లేని చోటు నుంచి బంతిని నేలబారుగా కొట్టాడు. తఫారెల్ వంగాడు. బంతి అతని కాళ్ల దగ్గర చిక్కినట్టే చిక్కి, జారి, గీత దాటేసింది. స్టేడియం పగిలిపోయేలా అరిచింది. ఆ అరుపు ఇంకా ఆగనే లేదు, ఆ వెంటనే రెండో గోల్ పడింది.

2-0. ప్రపంచ కప్ క్వాలిఫయర్లలో బ్రెజిల్ అంతవరకూ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఒక్కటంటే ఒక్కటి. ఆ రాత్రి రియోలో, సావో పాలోలో, పోర్టో అలెగ్రెలో వీధి మూలల బార్లన్నీ కిక్కిరిసిపోయాయి. చల్లటి బీరు గ్లాసులు బల్లల మీద దడదడలాడాయి. తప్పు తఫారెల్‌దా? సగంమంది అవునన్నారు. మిగతా సగం మంది అడిగిన ప్రశ్న వేరు. 90 నిమిషాలు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదేం? కొట్టేవాడేడీ?

కొట్టేవాడు స్పెయిన్‌లో ఉన్నాడు. అతన్ని పిలవలేదు. పిలవకూడదనే పిలవలేదు.

* * *

కథ ఏడు నెలల వెనక మొదలైంది.

1992 డిసెంబరు 16. పోర్టో అలెగ్రెలో జర్మనీతో ఫ్రెండ్లీ మ్యాచ్. రొమారియో అప్పుడు హాలండ్‌లో పీఎస్‌వీ ఐండ్‌హోవెన్‌కి ఆడుతున్నాడు. ఎముకలు కొరికే చలిలోంచి బయల్దేరి, అట్లాంటిక్ సముద్రం దాటి, మండు వేసవిలో దిగాడు. కిట్ వేసుకున్నాడు. బూట్లు కట్టుకున్నాడు. జట్టు పేర్లు చదివారు. అతని పేరు లేదు.

బెంచీ మీద కూర్చోమన్నారు.

మ్యాచ్ బ్రెజిల్ గెలిచింది, 3-1. కానీ మర్నాడు ఊళ్లో చర్చ గెలుపు గురించి కాదు. ఊరికే కూర్చోబెట్టడానికైతే అంత దూరం నుంచి వచ్చేవాణ్నే కాదని రొమారియో బాహాటంగా అనేశాడు. ఆ మాట కోచ్ కార్లోస్ అల్బెర్టో పరేరా చెవిన పడింది. ఆయన పక్కనే ఉండే మారియో జగాలో చెవిన కూడా పడింది. ఆటగాడిగా రెండు ప్రపంచ కప్‌లు, కోచ్‌గా ఒకటి గెలిచిన మనిషి జగాలో. బెంచీ మీద కూర్చోవడం అవమానం అనుకునేవాడికి జట్టులో చోటెందుకు?

తలుపు మూసుకుంది. జూలైలో క్వాలిఫయర్లు మొదలయ్యేనాటికి జాబితాలో రొమారియో లేడు. ఈక్వెడార్‌తో 0-0. ఆ తర్వాత లా పాజ్.

ఆ తర్వాత దేశం రెండుగా చీలింది.

* * *

రియో బార్లలో ఆ ఆగస్టంతా ఒకే రకం గొడవ. ఆ బార్లకు తలుపులుండవు. సగం జనం కౌంటర్ దగ్గర, సగం జనం ఫుట్‌పాత్ మీద. వేయించిన ఉప్పు చేప వాసన. మూలన ఎత్తున టీవీ. ఎవరికి ఎవరూ తెలియనక్కర్లేదు, గొంతు ఉంటే చాలు.

"వాడు ప్రాక్టీసుకే రాడు గురూ. రాత్రంతా డాన్సులు, పగలంతా నిద్ర. ఇలాంటివాడు ఒక్కడుంటే మిగతా పదిమందీ చెడిపోతారు."

"నిద్రపోనీ. గోల్ ముందు బంతి కాలికి తగిలినప్పుడు మెలకువగా ఉంటే చాలదా?"

"పెద్దాయనా, నువ్వే చెప్పు. కోచ్‌ని ఎదిరించినవాణ్ని నీ కాలంలో పిలిచేవాళ్లా?"

పెద్దాయన గ్లాసు దించాడు. మూతి తుడుచుకున్నాడు. "1989 గుర్తుందా?" అన్నాడు.

అందరికీ గుర్తుంది. కోపా అమెరికా ఆఖరి మ్యాచ్. ఇదే ఊళ్లో, ఇదే మారకానాలో, ఉరుగ్వే మీద. 1-0. ఆ ఒక్క గోల్ రొమారియోదే. తలతో కొట్టింది. మనిషి ఎత్తు 1.67 మీటర్లు. డిఫెండర్ల భుజాలు కూడా దాటడు. అయినా బంతి వచ్చే చోటు వాళ్లకంటే ఒక్క క్షణం ముందు అతనికి తెలుసు. జకరెజిన్యో మురికివాడలో పుట్టి, విలా ద పెన్యా వీధుల్లో పెరిగి, వాస్కో క్లబ్బులో పేరు తెచ్చుకుని, 1988 సోల్ ఒలింపిక్స్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. ఈ ఊరి పిల్లాడు. ఈ ఊరి పిల్లాణ్ని పక్కన పెట్టిందెవరు?

పరేరా. ఆయన ఎప్పుడూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడలేదు. ఫిజికల్ ట్రెయినర్‌గా వచ్చినవాడు. 1982లో కువైట్‌ని, 1990లో యూఏఈని ప్రపంచ కప్‌లో నడిపించినవాడు. మాట మెత్తన, లెక్క గట్టి. డిఫెన్స్ ముందు ఇద్దరు కాపలాదార్లు ఉండాలి, బంతి మన దగ్గరే ఉండాలి, తొందర పడకూడదు. కాగితం మీద అదంతా బాగానే ఉంది. కానీ బ్రెజిల్ జనం కాగితం చూడ్డానికి స్టేడియానికి రారు.

ఆగస్టు 22న సావో పాలోలో ఆ సంగతి ఆయనకు అర్థమైంది.

* * *

మొరుంబి స్టేడియం. ఈక్వెడార్‌తో మ్యాచ్. బ్రెజిల్ 2-0తో గెలుస్తోంది. గెలుస్తూనే ఉంది, జనం తిడుతూనే ఉన్నారు. బంతి వెనక్కి పంపితే ఈల. పక్కకి పంపితే ఈల. కాంక్రీటు మెట్ల మీంచి ఒక అరుపు దొర్లుకుంటూ దిగింది. రెండు అక్షరాలు. బుర్రో. గాడిద! డగౌట్‌లో నిలబడ్డ పరేరా తల తిప్పలేదు. చేతులు కట్టుకుని బంతినే చూస్తున్నాడు. మెడ నరాలు మాత్రం బిగుసుకున్నాయి.

వారం తర్వాత రెసీఫె. ఆగస్టు 29. ప్రత్యర్థి మళ్లీ బొలీవియానే. ఈసారి టన్నెల్లోంచి ఆటగాళ్లు విడివిడిగా రాలేదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, గొలుసులా వచ్చారు. అరూడా స్టేడియం ఒక్క క్షణం బిత్తరపోయింది. ఆ వెంటనే లేచి నిలబడింది. లా పాజ్‌లో ఊపిరాడక తూలినవాళ్లు ఇక్కడ సముద్రగాలిలో ఒకటి, రెండు, మూడు అంటూ లెక్క తప్పేదాకా గోల్స్ వేసుకుంటూ పోయారు. 6-0. ఆ రోజు నుంచి బ్రెజిల్ జట్టుకి చేతులు పట్టుకుని మైదానంలోకి రావడం ఆనవాయితీ అయిపోయింది.

సెప్టెంబరు 5న వెనిజులాపై 4-0. పరేరా మనుషులు గొంతు పెంచారు. చూశారా? వాడు లేకుండానే పది గోల్స్!

సరిగ్గా ఆ రోజుల్లోనే బార్సిలోనా నుంచి కబురొచ్చింది. కొత్త క్లబ్బు తరఫున స్పానిష్ లీగ్‌లో రొమారియో తొలి మ్యాచ్ ఆడాడు. రియల్ సోసియెదాద్ మీద. మూడు గోల్స్.

ఇక మిగిలింది ఒక్క మ్యాచ్. సెప్టెంబరు 19, ఆదివారం. మారకానా. ఉరుగ్వే. గ్రూపులో బ్రెజిల్, బొలీవియా, ఉరుగ్వే ముగ్గురికీ తలా 10 పాయింట్లు. వెళ్లేది ఇద్దరే. గోల్స్ తేడా చూస్తే బ్రెజిల్‌కి డ్రా చాలు. ఓడితే మాత్రం ప్రపంచ కప్ చేజారిపోవచ్చు. మొదలైననాటి నుంచి ఒక్క ప్రపంచ కప్ కూడా తప్పని దేశం అది.

అప్పుడు ముల్లర్ గాయపడ్డాడు.

* * *

ముందు వరుసలో బెబెటోకి జోడీ ముల్లర్. ఆ చోటు ఇప్పుడు ఖాళీ. పరేరా ముందు జాబితా ఉంది. పక్కన జగాలో ఉన్నాడు. గోడ అవతల పత్రికలున్నాయి, రేడియోలున్నాయి, కోట్ల మంది ఉన్నారు. అందరి నోటా ఒకే పేరు.

పిలిస్తే జనానికి లొంగిపోయాడంటారు. పిలవకుండా గెలిస్తే ఎవరూ ఏమీ అనరు. పిలవకుండా ఓడితే?

పరేరా ఆ పేరు రాశాడు.

రొమారియో వచ్చాడు. అదే నడక, అదే నిర్లక్ష్యం, క్షమాపణ అడగడానికి వచ్చినవాడిలా ఏమీ లేడు. 11వ నంబరు చొక్కా ఇచ్చారు. డిసెంబరులో బెంచీ మీద కూర్చోబెట్టినవాణ్ని ఈసారి మొదటి నిమిషం నుంచే దింపుతున్నారు. గెలిస్తే గొడవ ముగిసినట్టు. ఓడితే ఆ గొడవ ఎన్నాళ్లు నడుస్తుందో జగాలోకి తెలిసినంతగా ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

ఎందుకంటే 1950 జూలై 16న జగాలో మారకానాలోనే ఉన్నాడు. 18 ఏళ్ల కుర్ర సైనికుడు. స్టేడియంలో భద్రత డ్యూటీ. ఆ రోజు కూడా ప్రత్యర్థి ఉరుగ్వే. ఆ రోజు కూడా బ్రెజిల్‌కి డ్రా చాలు. ముందు గోల్ కొట్టింది కూడా బ్రెజిలే. తర్వాత స్కియాఫీనో ఒకటి, 79వ నిమిషంలో గిజ్జియా ఒకటి. 2-1. ప్రపంచ కప్ పోయింది. గోల్‌కీపర్ బార్బోసాని ఆ దేశం చచ్చేదాకా క్షమించలేదు. అతన్ని ఎందుకు ఆడించారు, ఇంకొకణ్ని ఎందుకు దింపలేదు అంటూ నలభై మూడేళ్లుగా అదే వాదన.

అదే మైదానం. అదే ప్రత్యర్థి. అదే లెక్క, డ్రా చాలు.

* * *

మారకానా నిండిపోయింది. లక్షకు పైగా జనం. పై అంతస్తులో డప్పులు. కింద, మైదానం అంచునే ఉండే చవక టికెట్ల జాగాలో అప్పట్లో కూర్చోవడానికి కుర్చీలుండేవి కావు, నిలబడే చూడాల్సి వచ్చేది. అక్కడ నిలబడితే ఆటగాళ్ల కాళ్లు తప్ప ఏమీ సరిగా కనిపించేవి కావు. అందుకే చాలామంది చెవికి ట్రాన్సిస్టర్ ఆనించుకుని, కళ్ల ముందు జరిగే మ్యాచ్‌ని రేడియోలో వింటున్నారు. బాణాసంచా పొగ. చెమట. జెండాల గుడ్డల రెపరెపలు. ఆటగాళ్లు చేతులు పట్టుకుని వచ్చారు. ఒక పేరు మెట్ల మీంచి మెట్ల మీదికి ఎగబాకింది.

మొదటి సగం. అవకాశాలు వచ్చాయి, పోయాయి. ఉరుగ్వే గోల్‌కీపర్ సిబోల్డి గోడలా నిలబడ్డాడు. 0-0.

రెండో సగం. డుంగా, మౌరో సిల్వా మధ్యలో కాపలా కాస్తున్నారు. బంతి బ్రెజిల్ దగ్గరే తిరుగుతోంది. పరేరా కోరుకున్న ఆట అదే. డ్రాతో పని అయిపోతుంది. అయినా ఎవరూ డ్రా అనే మాట ఎత్తడం లేదు. 60 నిమిషాలు. 65. ఆ పాత మ్యాచ్‌లో స్కియాఫీనో గోల్ కొట్టింది 66వ నిమిషంలో. అది తెలిసినవాళ్లు గడియారం చూసుకున్నారు. 70. డప్పులు తడబడ్డాయి.

72వ నిమిషం. కుడిపక్క బెబెటోకి దారి దొరికింది. తలెత్తి చూశాడు, క్రాస్ వేశాడు, బంతి డిఫెండర్ల నెత్తి మీంచి వంపు తిరుగుతూ వస్తుంటే అందరికంటే పొట్టివాడు అందరికంటే ముందు గాల్లోకి లేచాడు, నుదుటితో కొట్టాడు, సిబోల్డి కదిలేలోపు వల ఊగింది, ట్రాన్సిస్టర్లు చేతుల్లోంచి జారిపోయాయి, ఎవరో ఎవరినో కౌగిలించుకున్నారు, నెల రోజులుగా "వాడొద్దు" అన్న గొంతులు కూడా అదే పేరు అరిచాయి.

1-0. ఇంకా 18 నిమిషాలు. 1950లో కూడా ఇక్కడ స్కోరు 1-0 దాకా వచ్చింది.

82వ నిమిషం. మౌరో సిల్వా మధ్యలోంచి ఒక బంతి పంపాడు. ఉరుగ్వే డిఫెన్స్ చీలింది. రొమారియో ఒక్కడే. ఎదురుగా సిబోల్డి. గోల్‌కీపర్ ముందుకు దూకాడు. రొమారియో తొందరపడలేదు. బంతిని పక్కకు లాగాడు, మనిషిని దాటేశాడు, ఖాళీ గోల్‌లోకి పంపాడు.

2-0. నలభై మూడేళ్ల భయం ఆ పది నిమిషాల్లో వదిలిపోయింది.

రొమారియోని మారకానాకి దేవుడే పంపాడని పరేరా తర్వాత అన్నాడు. జనం నవ్వుకున్నారు. పంపింది దేవుడు కాదు, మేమే!

* * *

మరుసటి ఏడాది అమెరికా. రొమారియో ఐదు గోల్స్ కొట్టాడు. స్వీడన్‌తో సెమీఫైనల్ 80వ నిమిషం దాకా 0-0. జోర్జిన్యో క్రాస్, రొమారియో తల, 1-0. 1994 జూలై 17న పాసడీనా ఎండలో ఇటలీతో ఫైనల్. 120 నిమిషాలు గోల్ లేదు. పెనాల్టీల్లో బాజ్జో బంతిని బార్ మీంచి ఆకాశంలోకి కొట్టాడు. 24 ఏళ్ల తర్వాత కప్పు. కెప్టెన్ డుంగా దాన్ని ఎత్తి అరిచాడు. టోర్నీలో ఉత్తమ ఆటగాడు రొమారియో.

ఆ సంబరంలో కూడా బార్లలో ఒక గొణుగుడు ఉంది. ఎక్స్‌ట్రా టైమ్‌లో గోల్ కావాల్సి వచ్చినప్పుడు పరేరా వియోలాని దింపాడు. బెంచీ మీద ఇంకో కుర్రాడున్నాడు. 17 ఏళ్లు. పళ్లు బయటపెట్టి నవ్వే పిల్లాడు. టోర్నీ మొత్తంలో ఒక్క నిమిషం కూడా ఆడించలేదు. ఎందుకు ఆడించలేదు?

ఆ కుర్రాడి పేరు రొనాల్డో. ఎనిమిదేళ్ల తర్వాత అదే పేరు ఒక మనిషి పరువు నిలబెట్టబోతోంది.

* * *

2002 ఏప్రిల్. రొమారియో విలేకరుల ముందు కూర్చున్నాడు. కెమెరాల ఫ్లాష్‌లు. వయసు 36. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశాడు. 1993లో క్షమాపణ అడగనివాడు ఇప్పుడు అడుగుతున్నాడు. ప్రపంచ కప్‌కి తీసుకెళ్లమంటున్నాడు.

వినాల్సిన మనిషి లూయిజ్ ఫెలిపె స్కొలారి. ఒకప్పటి డిఫెండర్. మీసం, మొరటు గొంతు, మొండిపట్టు. ఏడాది కిందట కోపా అమెరికా ముందు రొమారియో కంటి ఆపరేషన్ ఉందని జట్టు నుంచి తప్పుకున్నాడు. తర్వాత చూస్తే క్లబ్బు తరఫున మెక్సికోలో ఆడుతున్నాడు. ఆ కోపాలో బ్రెజిల్ హోండురాస్ చేతిలో 2-0తో ఓడింది. స్కొలారి ఆ రెండు సంగతులూ మర్చిపోలేదు.

జనం కూడా ఏదీ మర్చిపోలేదు. మారకానా గుర్తుంది. ఆ తల గుర్తుంది. జట్టు ఎక్కడికెళ్లినా అదే పేరు, అవే గొంతులు. టీవీలో అదే, టాక్సీలో అదే. పైగా స్కొలారి నమ్ముకున్నదెవర్ని? రెండుసార్లు మోకాలు చిరిగిపోయి, రెండేళ్లకు పైగా సరిగా ఆడని రొనాల్డోని. పిచ్చి కాకపోతే ఏమిటి?

మే 6న జాబితా చదివారు. 23 పేర్లు. దేశం చెవులు రిక్కించింది.

రొమారియో లేడు.

తిట్లు మొరుంబికి రెట్టింపు. స్కొలారి పళ్ల బిగువున విమానం ఎక్కాడు. ఈసారి ముల్లర్‌లా ముందు వరుసలో ఎవరూ గాయపడి దారి ఇవ్వలేదు. ఒక్క పెద్ద మ్యాచ్‌లో రొనాల్డో మోకాలు మొరాయిస్తే చాలు, స్కొలారికి తిరిగొచ్చే దారి ఉండదు.

జూన్ 30, యొకొహామా. జర్మనీతో ఫైనల్. 67వ నిమిషం. టోర్నీలో అంతవరకూ ఒక్క గోలే ఇచ్చిన ఒలివర్ కాన్ చేతుల్లోంచి బంతి జారింది. ఎదురుగా రొనాల్డో. 1-0. 79వ నిమిషంలో మళ్లీ అతనే. 2-0. టోర్నీలో ఎనిమిది గోల్స్. ఐదో ప్రపంచ కప్.

రియో వీధుల్లో రాత్రంతా టపాసులు. రొమారియో పేరు ఆ రాత్రి ఎవరూ ఎత్తలేదు. తమ మాట తప్పని ఎవరూ ఒప్పుకోలేదు కూడా. అలాంటి మాట ఒప్పుకోవాల్సిన అవసరం జనానికి ఎప్పుడూ రాదు. జాబితా కింద సంతకం పెట్టేది కోచ్ ఒక్కడే.

ఆ సంతకం తర్వాత డుంగా చేతికొచ్చింది.

* * *

మారకానాలో ఆ రోజు మధ్యలో కాపలా కాసినవాడు. పాసడీనాలో కప్పు ఎత్తినవాడు. 2010లో అతనే కోచ్. ఈసారి జనం నోట రెండు పేర్లు. శాంటోస్ క్లబ్బు కుర్రాళ్లు. గాన్సో, 20 ఏళ్లు. నెయ్‌మార్, 18. బంతితో డాన్సు చేస్తున్నారు, తీసుకెళ్లు అన్నారు.

జనం మాట విని గెలవడం ఎలా ఉంటుందో డుంగా మైదానంలో ఉండి చూశాడు. వినకుండా గెలవడం కూడా దేశమంతటితో పాటు చూశాడు. రెండిట్లో ఏది ఎంచుకోవాలి?

మే 11న జాబితా చదివాడు. ఇద్దరూ లేరు.

జూలై 2. పోర్ట్ ఎలిజబెత్. హాలండ్‌తో క్వార్టర్ ఫైనల్. మొదటి సగం 1-0. చేతిలోకి వచ్చేసిందనుకున్నారు. రెండో సగంలో రెండు గోల్స్ పడ్డాయి. ఫెలిపె మెలో రెడ్ కార్డుతో బయటికి నడిచాడు. పది మంది మిగిలారు. గోల్ కావాలి. డుంగా బెంచీ వైపు తిరిగాడు. అక్కడ మ్యాచ్ మార్చగలవాడు అని జనం నమ్మిన ముఖం ఒక్కటీ లేదు. 2-1. అయిపోయింది. రెండు రోజుల్లో అతని ఉద్యోగం కూడా పోయింది.

నెయ్‌మార్ ఉండి ఉంటే గెలిచేవాళ్లా? 18 ఏళ్ల పిల్లాడు డచ్ డిఫెండర్ల మధ్య నిలబడేవాడా? ఆ మ్యాచ్ ఎవరూ మళ్లీ ఆడించలేరు. అందుకే ఆ వాదన ఆగలేదు.

ఆగస్టు 10, న్యూజెర్సీ. కొత్త కోచ్ మానో మెనెజెస్ జట్టులో గాన్సో ఉన్నాడు, నెయ్‌మార్ ఉన్నాడు. ప్రత్యర్థి అమెరికా. అరగంట కూడా కాకముందే ఎడమవైపు నుంచి క్రాస్ వచ్చింది. సన్నగా రివటలా ఉన్న నెయ్‌మార్ డిఫెండర్ల మధ్య లేచి తలతో కొట్టాడు. దేశం తరఫున తొలి మ్యాచ్‌లోనే తొలి గోల్.

"మేం ముందే చెప్పలేదా?" అన్నారు రియో బార్లలో.

చెప్పారు. రొమారియో గురించి 2002లో కూడా ఇంతే గట్టిగా చెప్పారు. ఆ సంగతి గుర్తు చేయడానికి ఒకాయన నోరు తెరిచాడు. మిగతావాళ్లు అప్పటికే 2014 జట్టులో ఎవరుండాలో తేల్చే పనిలో పడ్డారు.